బాకూలో మీరు అడిగినదే మేం ఊళ్లో అడుగుతున్నాం

వాతావరణ చర్చలకు వెళ్లే భారత ప్రతినిధి బృందానికి, కేంద్ర ఆర్థిక, పర్యావరణ, హోం శాఖలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

2024 నవంబరు 24 తెల్లవారుజామున అజర్‌బైజాన్ రాజధాని బాకూలో, ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్ 29లో, తీర్మానం అయిపోయిందని అధ్యక్ష స్థానం నుంచి ప్రకటించారు. ధనిక దేశాలు ముందుండి 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్లు సమకూర్చాలన్నది ఆ తీర్మానం. ఆ వెంటనే మన దేశం తరఫున ఆర్థిక వ్యవహారాల శాఖ సలహాదారు చాందినీ రైనా అభ్యంతరం చెప్పారు. మొత్తం చాలా తక్కువ. గడువు చాలా దూరం. డబ్బు గ్రాంటుగా వస్తుందా, అప్పుగా వస్తుందా తేల్చకుండా రకరకాల వనరుల నుంచి అని రాసేశారు. మాట్లాడతామని ముందే చెప్పినా వినకుండా తీర్మానం ఆమోదించేశారు. ఆ రోజు మన దేశం చెప్పిన మాటల సారం ఇదే. ఆ పత్రం కంటికి కనిపించే భ్రమ తప్ప మరొకటి కాదని కూడా ఆమె అన్నారు.

ఆ అభ్యంతరాలన్నిటినీ మేం బలపరుస్తున్నాం. మేం ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో మహిళా రైతులు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, చేపలు ఎండబెట్టి అమ్ముకునే స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్నవాళ్లం. బాకూలో మీరు ధనిక దేశాల మీద పెట్టిన ఆ నాలుగు అభ్యంతరాలనూ, తుపాను తర్వాత రైతు సేవా కేంద్రం ముందు నిలబడ్డ ఒక కౌలు రైతు స్త్రీ ఉన్నవున్నట్టు మీ మీద పెట్టగలదు. పరిహారం తక్కువ, అదీ ఆలస్యం, సాయం అన్నది చివరికి అప్పు, తన మాట వినేవాళ్లు లేరు. టర్కీలోని అంతాల్యాలో జరగబోయే కాప్ 31కి మీరు బయల్దేరేలోగా ఈ ఇంటి లెక్క సరిచేయాలని, ఆ లెక్కనే అక్కడ ముందు పెట్టి గట్టిగా మాట్లాడాలని ఈ లేఖ రాస్తున్నాం.

ముందు అప్పు సంగతి మాట్లాడతాం. మిగతా చిక్కులన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

2020 నాటికి ఏటా 100 బిలియన్ డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు మాట ఇచ్చాయి. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ సొంత లెక్క ప్రకారమే ఆ మాట నెరవేరింది 2022లో. ఆ ఏడాది 115.9 బిలియన్లు ఇచ్చామని చూపించారు. అందులో ప్రభుత్వాలూ, అంతర్జాతీయ అభివృద్ధి బ్యాంకులూ ఇచ్చిన భాగాన్ని విప్పి చూస్తే దాదాపు 69 శాతం అప్పు, తిరిగి కట్టక్కరలేని గ్రాంటు 28 శాతం. ఆ లెక్కలో అప్పును దాని పూర్తి విలువతో చూపిస్తారు. పది కోట్ల డాలర్లు అప్పిచ్చి వడ్డీతో సహా వసూలు చేసుకున్నా వాళ్ల పుస్తకంలో అది పది కోట్ల డాలర్ల వాతావరణ సాయమే.

మన తీరంలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ విధ్వంసం నుంచి కోలుకోవడానికి ప్రపంచ బ్యాంకు 2015లో 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. అది అప్పు. వడ్డీ తక్కువ కావచ్చు, గడువు ఎక్కువ కావచ్చు, అయినా అప్పే. సముద్రాన్ని వేడెక్కించిన పొగలో అతి పెద్ద వాటా ఎవరిదో అందరికీ తెలుసు. దాని వల్ల బలం పుంజుకుంటున్న తుపానుల నష్టాన్ని పూడ్చుకునే ఖర్చు మాత్రం ఇక్కడి పన్నుల నుంచి వాయిదాల్లో కడుతున్నాం. ప్రత్యేక కేటగిరీలో లేని రాష్ట్రాలకు విదేశీ అప్పును కేంద్రం అవే షరతులతో, అదే కరెన్సీ భారంతో బదలాయించడం 2005 నుంచి ఉన్న పద్ధతి. హుద్‌హుద్ వచ్చిన నెలలో డాలరు విలువ 61 రూపాయల దగ్గర ఉంది. 2025 డిసెంబరులో 90 రూపాయలను తాకింది. కొత్తగా ఒక్క డాలరు తీసుకోకపోయినా పాత బాకీ రూపాయల్లో దాదాపు సగం మేర పెరుగుతుంది. ఒక ప్రాజెక్టు బాకీని కేంద్రం తీర్చినా, రాష్ట్రం తీర్చినా మా దృష్టిలో తేడా లేదు. రెండు ఖజానాలనూ నింపేది ఇక్కడి జనమే.

ఈ వాయిదాల బరువు స్త్రీల మీద ఎలా పడుతుందో ఆర్థిక శాఖ లెక్కల్లో కనబడదు. అప్పు వాయిదా వాయిదాగానే ఉంటుంది. కోత పడేది ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు పోస్టు మీద, అంగన్‌వాడీ భవనం మీద, మంచినీళ్ల పైపు మీద. నర్సు లేకపోతే జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర పని మానుకుని కూర్చునేది తల్లి. పైపు రాకపోతే బిందె మోసేది ఆడపిల్ల. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. జీతం లేని ఈ 289 నిమిషాలే ప్రభుత్వం ఖర్చు తగ్గించుకున్న ప్రతిసారీ ఇంకొంచెం పెరుగుతాయి. ప్రపంచమంతా ఇదే కథ. 2023లో వర్ధమాన దేశాలు ప్రభుత్వ అప్పుల మీద కట్టిన నికర వడ్డీ 847 బిలియన్ డాలర్లని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ లెక్క తేల్చింది. విద్య కన్నా, లేదా ఆరోగ్యం కన్నా వడ్డీకే ఎక్కువ ఖర్చు పెడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని కూడా చెప్పింది. వాతావరణ సాయం అప్పు రూపంలో వద్దని మహిళా సంఘాలు ప్రపంచమంతటా ఒకే గొంతుతో అడగడానికి కారణం ఇదే.

అదే అప్పు ఊళ్లోకి దిగినప్పుడు ఏమవుతుందో చూడండి. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశ సగటు 50.2 శాతం. ఆంధ్రలో ఒక్కో కుటుంబం మీద సగటు బాకీ సుమారు 2.45 లక్షల రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. ఇందులో పంట రుణం ఎక్కువగా మగవాడి పేరున ఉంటుంది. పొదుపు సంఘం అప్పు, మైక్రోఫైనాన్స్ అప్పు ఆమె పేరున ఉంటాయి. తుపానుకు పంట పోయిందని ప్రకటించినప్పుడు, 33 శాతం పైగా నష్టం ఉంటే పంట రుణాన్ని తిరగరాసి గడువు ఇచ్చే ఏర్పాటు ఆర్‌బీఐ మార్గదర్శకాల్లో చాలాకాలంగా ఉంది. సంఘం కిస్తీకి అలాంటి ఊరట తనంతట తాను రాదు. ఒకామె కట్టలేకపోతే మిగతా సభ్యులు వేసుకుని కట్టాలి. లేకపోతే సంఘం మొత్తానికి వచ్చే ఏడు రుణం తగ్గుతుంది. అందుకని నీళ్లు తీయకముందే ఆమె చెవి కమ్మలు తాకట్టుకు వెళ్తాయి. మైక్రోఫైనాన్స్ ఆగడాల మీద 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే గట్టి చట్టం తెచ్చింది. ఆర్‌బీఐ నియంత్రణలో ఉన్న సంస్థలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ఇప్పుడు మిగిలిన రక్షణ 2022 నాటి ఆర్‌బీఐ నిబంధనలే. నెలసరి కుటుంబ ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదని అవి చెబుతాయి. తుపాను వచ్చిన నెలలో ఆ ఆదాయం ఎంతో ఎవరూ మళ్లీ లెక్క వేయరు.

కాబట్టి మా మొదటి కోరిక. విపత్తు ప్రకటించిన మండలాల్లో పొదుపు సంఘాల రుణాలకూ, మైక్రోఫైనాన్స్ రుణాలకూ దరఖాస్తుతో పని లేకుండా కనీసం ఆరు నెలల విరామం ఇవ్వాలి. ఆ కాలపు వడ్డీని విపత్తు నిధి భరించాలి. సంఘం గ్రేడు తగ్గకూడదు. వడ్డీని అసలులో కలిపేసి వాయిదా వెనక్కి జరపడాన్ని ఊరట అనలేం. కరోనా కాలంలో మారటోరియం తీసుకున్న చాలామందికి ఆఖరున కట్టిన మొత్తం పెరిగింది, అది మళ్లీ జరగకూడదు.

ఇక పరిహారం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. డెల్టాలో వరి ఈని, పాలు పోసుకునే సమయం అది. అప్పుడు నీళ్లలో పడిన పైరు మళ్లీ లేచినా గింజ తాలుపోతుంది, రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కోత పెడతారు. పడిన చేను మామూలు మిషన్‌కు అందదు, చైన్ మిషన్ తేవాలి, దానికి రెట్టింపు గంటలు పడుతుంది, రెట్టింపు అద్దె అవుతుంది. 2022 నుంచి 2026 మార్చి దాకా అమలైన రాష్ట్ర విపత్తు నిధి నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు సుమారు 6,880. అదీ 33 శాతం పైన నష్టం ఉంటేనే, రెండు హెక్టార్ల వరకే. డెల్టాలో కౌలు ఎకరాకు పంటకు పది బస్తాలకు తగ్గదు. 75 కిలోల బస్తా పది వేసుకున్నా, 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున 17,767 రూపాయలవుతుంది. విత్తనం, దమ్ము, నాట్లు, ఎరువు, కలుపు లెక్క వేయకముందే కౌలు ఒక్కటే పరిహారానికి రెండున్నర రెట్లు. రాష్ట్రం తన వాటా కలిపి ఎకరాకు పది వేలు ఇచ్చిన సందర్భాల్లో కూడా ఈ లోటు పూడలేదు. బాకూలో మీరన్న 'చాలా తక్కువ' అంటే ఊళ్లో ఇదీ.

ఆ కొద్ది మొత్తం కూడా ఎవరి ఖాతాలో పడుతోంది అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఈ విషయం మీద కాస్త ఎక్కువ రాస్తాం, ఎందుకంటే నిధులు ఎంత పెరిగినా ఇక్కడ చిల్లు పూడ్చకపోతే అవి ఆమె దాకా రావు.

ఆంధ్రలో పంట నష్టం జాబితా ఈ-పంట (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ రికార్డు) నమోదు మీద ఆధారపడుతుంది. నమోదులో సాగుదారు పేరు ఉండాలి. కౌలు రైతు పేరు ఎక్కాలంటే 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు కావాలి, దానికి యజమాని సంతకం కావాలి. ఆ కార్డు వల్ల భూమి హక్కు ఏమాత్రం మారదని చట్టంలోనే ఉన్నా, యజమాని భయంతో సంతకం పెట్టడు. పైగా పంట రుణం తన పేరున ముందే తీసుకుని ఉంటాడు, కౌలు రైతుకు కార్డు వస్తే ఆ రుణానికి అడ్డం వస్తుందని కూడా భయం. దాంతో ఈ-పంటలో యజమాని పేరే ఉంటుంది, పరిహారం అతని ఖాతాకే వెళ్తుంది. కొందరు యజమానులు ఆ డబ్బు కౌలు రైతుకు ఇస్తారు, కొందరు కౌలు బాకీలో చెల్లు వేసుకుంటారు. ఒకవేళ కార్డు వచ్చినా ఇంటికి ఒకటే కార్డు, అది భర్త పేరున. నారు పోసి, నాట్లు వేసి, కలుపు తీసి, కోతలకు మనుషుల్ని కుదిర్చిన స్త్రీ రికార్డులో ఎక్కడా లేదు. తెలంగాణలో పరిస్థితి ఇంకా కష్టం. 2020 రెవెన్యూ చట్టంతో, 2025 దాకా నడిచిన ధరణి భూ రికార్డుల పోర్టల్‌తో అనుభవదారు (పొలం సాగులో ఉన్నవారి) కాలమే పోయింది. ఎకరాకు ఇచ్చే రైతుబంధు గానీ, తర్వాత వచ్చిన రైతు భరోసా గానీ పట్టాదారుకే.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉండాలని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశానికి అది 2005లో వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి 13.96 శాతం, విస్తీర్ణంలో 11.72 శాతం. పల్లెల్లో పనిచేసే స్త్రీలలో నలుగురిలో ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారు. పని చేసేవాళ్లకూ కాగితంలో ఉన్నవాళ్లకూ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, కాగితాన్ని నమ్ముకుని పంచే సొమ్ము దారి తప్పడం ఖాయం.

దీనికి చేయదగిన పని ఉంది, కష్టమైనది కూడా కాదు. విపత్తు ప్రకటించిన గ్రామాల్లో యజమాని సంతకం అడగకండి. గట్టు పొలాల రైతులు ఇద్దరి సాక్ష్యం, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య తీర్మానం, గ్రామసభలో జాబితా పైకి చదవడం, ఈ మూడూ ఉంటే ఆ పంటకు సాగుదారుగా గుర్తించండి. ఇది పరిహారానికి మాత్రమే వర్తిస్తుందని జాబితా పైనే అచ్చువేయండి, యజమానికి భయం పోతుంది. దంపతులు కలిసి సాగు చేస్తున్న చోట ఇద్దరి పేర్లూ రాసి సొమ్మును సగం సగంగా రెండు ఖాతాల్లో వేయండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు రెండు మూడు రోజులు కాకుండా పది రోజులు ఉండాలి. పునరావాస కేంద్రం నుంచి ఇంటికి వచ్చి, బురద ఎత్తి, గింజ ఎండబెట్టుకునే స్త్రీకి మొదటి వారం నోటీసు బోర్డు చూసే తీరిక ఉండదు.

భూమి అసలే లేని కూలీ సంగతి పంట నష్టం నిబంధనల్లో లేదు. చేను మునిగితే రైతుకు పంట నష్టం, ఆమెకు కోతల కూలీ నష్టం. తుపాను తర్వాత పోయిన పని దినాలు పంట నష్టం జాబితాలోకి రావు. ఉపాధి పనుల కూలీ రేటు, 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు, కనీసం ముప్పై రోజులకు లెక్కగట్టి వ్యవసాయ కూలీ స్త్రీలకు ఇవ్వాలని కోరుతున్నాం.

తీరంలోకి వస్తే ఇదే లోపం మరో రూపంలో ఉంది. 2026 మార్చి దాకా అమలైన విపత్తు నిబంధనల్లో పడవకు, వలకు పద్దు ఉంది. పాడి గేదెకు 37,500 రూపాయలు, కోడికి వంద రూపాయలు ఉన్నాయి. నెత్తళ్లు, సావిడాయిలు ఉప్పు పట్టించి ఇసుకలో ఎండబెట్టే స్త్రీ సరుకుకు పద్దు లేదు. ఎండు చేప పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజుల గట్టి ఎండ కావాలి. మధ్యలో ఒక్క వాన పడితే బూజు పట్టి కోళ్ల మేతకు పోతుంది. ఉప్పు, గంపలు, ఐసు పెట్టె, ఆటో అడ్వాన్సు, అన్నీ పెట్టుబడే, అదంతా వడ్డీకి తెచ్చిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధ కాలంలో ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయల భృతి కూడా పడవ మీద వేటకు వెళ్లేవారికే. చేప రేవుకు రాకపోతే గంప ఎత్తే స్త్రీకీ పని ఉండదన్న సంగతి ఆ పథకంలో లేదు. చేపల శుద్ధి, అమ్మకం చేసే స్త్రీలను మత్స్యకారులుగా నమోదు చేసి, భృతిలోనూ విపత్తు పరిహారంలోనూ వాళ్లకు వేరే పద్దు పెట్టాలి. 2026-31 కాలపు విపత్తు నిధి నిబంధనల్లో ఇది చేర్చవలసిన బాధ్యత కేంద్ర హోం శాఖది.

ఆంధ్రప్రదేశ్‌కు మంచి పేరు తెచ్చిన ప్రకృతి సేద్యం గురించి కూడా చెప్పాలి. దాన్ని మేం సమర్థిస్తాం. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్నవాటిలో ఈ కార్యక్రమం ఒకటి. దాని వెన్నెముక మహిళా సంఘాలేనని ప్రభుత్వమే చెబుతుంది. అయితే దానికి జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ నుంచి వచ్చిన 9 కోట్ల యూరోలు కూడా అప్పే. పొలంలో కర్బనం పెంచి ప్రపంచానికి మేలు చేసే పనికి కూడా మనమే అప్పు చేయవలసి వచ్చింది. ఇక ఖర్చు తక్కువ అనే మాట. ఎకరాకు జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. 48 గంటలు నీడలో ఉంచి రోజుకు రెండు మూడు సార్లు కర్రతో తిప్పాలి. పదిహేను రోజులకోసారి ఇస్తే నాలుగు నెలల పంటకు ఎనిమిది సార్లు. 1,600 లీటర్ల నీళ్లు, 20 లీటర్ల డబ్బాతో 80 మోతలు, ఒక్క ఎకరాకు. తెల్లవారుజామున ఆవు మూత్రం పట్టేది, పేడ ఎత్తేది, డ్రమ్ము తిప్పేది చాలా ఇళ్లలో స్త్రీయే. ఆ శ్రమకు కూలీ వేయకపోవడం వల్లే సేద్యం చవగ్గా కనిపిస్తోంది. శ్రమ భారం మోయలేక మానేసిన కుటుంబాలను పద్ధతి నచ్చక మానేశారని రాసుకుంటున్నారు. గ్రామానికి రెండు మూడు చోట్ల కషాయాల తయారీ కేంద్రాలు, మోటారుతో కలిపే డ్రమ్ములు, పొలం దాకా పైపు, అక్కడ పనిచేసే స్త్రీలకు నెల జీతం, ఇవన్నీ ప్రాజెక్టు ఖర్చులో మొదటి రోజు నుంచే రాయాలి. సంఘాల స్త్రీలతో సర్వేలూ, శిక్షణలూ గౌరవ వేతనం పేరిట చేయించుకోవడం కూడా ఆగాలి.

ఎండ సంగతి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్కలే చెప్పాయి. ఆ తర్వాత పదేళ్లకు కూడా వడగాలులు జాతీయ విపత్తుల జాబితాలో చేరలేదు. తమ విపత్తు నిధిలో పది శాతం లోపు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చన్న వెసులుబాటుతో రాష్ట్రాలు నెట్టుకొచ్చాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణానికి 4 లక్షల పరిహారం అన్నది. మంచి అడుగే. కానీ వడదెబ్బ మరణమని తేల్చడానికి శవపరీక్ష, తహసీల్దారు, పోలీసు, వైద్యాధికారి నివేదిక కావాలి. మిరప కోతల నుంచి వచ్చి రేకుల ఇంట్లో వంట చేసి రాత్రికి కుప్పకూలిన స్త్రీ మరణం గుండెపోటు కింద పోతుంది. పొలంలో మరుగు లేక స్త్రీలు పగలంతా నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. దాంతో మూత్రనాళ వ్యాధులు, వడదెబ్బ రెండూ వస్తాయి. నీళ్ల కుండ పెడితే సరిపోదు, దాని పక్కన గుడ్డ కట్టిన మరుగు కావాలి. తెలుగు రాష్ట్రాల ఉపాధి పనుల్లో ఒకప్పుడు వేసవి అలవెన్సు ఉండేది, తక్కువ కొలతకు పూర్తి కూలీ పడేది. దాన్ని మళ్లీ తేవాలి. హాజరు ఫొటో రెండోసారి తీయడం కోసం జనాన్ని ఎండలో నిలబెట్టే పద్ధతిని వేసవిలో, మార్చి నెల నుంచి జూన్ దాకా, ఆపాలి.

గుజరాత్‌లో 'సేవా' (స్వయం ఉపాధి మహిళల సంఘం) 2023లో 21,000 మంది స్త్రీలతో మొదలుపెట్టిన ఎండ బీమా లాంటివి ఇక్కడికీ తేవాలని కొందరు అంటున్నారు. ఆ సంస్థ కృషి మీద మాకు గౌరవం ఉంది. అయితే ఉష్ణోగ్రత ఒక గీత దాటితేనే డబ్బు వచ్చే బీమా కోస్తాలో దెబ్బతింటుంది. ఇక్కడ 38 డిగ్రీలకే ఉక్కపోత ప్రాణం తీస్తుంది. వాతావరణ శాఖ కూడా తీరప్రాంతానికి వడగాలి గీతను 40 బదులు 37 డిగ్రీల దగ్గర పెట్టింది అందుకే. తేమను కూడా కలిపి లెక్కగట్టాలి, ప్రీమియంలో ఒక్క రూపాయి కూడా ఆమె కట్టకూడదు. ఎండను పెంచినవాళ్లు కట్టాలి.

సౌర విద్యుత్ పార్కుల గురించి ఒక్క మాట. అనంతపురం ప్రాంతంలోని నంబులపూలకుంట లాంటి చోట్ల పట్టా ఉన్నవాళ్లకు ఏదో ఒక ధర వచ్చింది. ఆ బీళ్లలో మేకలు మేపి, కట్టెలు ఏరుకుని బతికిన స్త్రీలకు రావలసింది ఎవరూ లెక్క వేయలేదు. స్వచ్ఛమైన కరెంటు కోసం ఇకపై తీసుకునే ప్రతి ఎకరానికి ముందు ఆ నేల మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో ఇంటింటికీ తిరిగి రాయించండి.

ఇవన్నీ ఇక్కడ చేస్తే అంతాల్యాలో మీ గొంతుకు బలం వస్తుంది. అక్కడ మీరు పట్టుబట్టవలసినవి కొన్ని ఉన్నాయి. 300 బిలియన్ల లెక్కలో అప్పును పూర్తి విలువతో చూపించడం ఆపి, అందులో నిజంగా సాయం అయిన భాగాన్ని మాత్రమే లెక్కించాలని అడగండి. అనుసరణకు (మారిన వాతావరణాన్ని తట్టుకునే ఏర్పాట్లకు), నష్టపరిహారానికి ఇచ్చేది గ్రాంటుగానే ఉండాలని అడగండి. మన తీరంలో ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్రల కోసం అంతర్జాతీయ వాతావరణ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2018లో ఆమోదించిన 4.34 కోట్ల డాలర్లు గ్రాంటే. అంటే ఇవ్వడం కుదరని పని ఏమీ కాదు.

2022లో షర్మ్ ఎల్ షేక్ కాప్‌లో ఒప్పుకుని, 2023లో దుబాయి కాప్‌లో మొదలుపెట్టిన నష్టపరిహార నిధి ఇప్పుడు తొలి విడతగా 25 కోట్ల డాలర్లు ఇస్తోంది. అందులో కనీసం సగం చిన్న ద్వీప దేశాలకు, అత్యంత వెనుకబడిన దేశాలకు. అది న్యాయమే, ఆ వాటాను ముట్టుకోమని మేం అడగడం లేదు. మా అభ్యంతరం వేరు. ఒక్కో ప్రాజెక్టు 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్ల మధ్య ఉండాలి. అంత పెద్ద ప్రాజెక్టు రాయడం ఏ మండల మహిళా సమాఖ్య వల్లా కాదు. రాసేది కన్సల్టెన్సీలు, నడిపేది పెద్ద ఏజెన్సీలు. ఆ నిధి స్థాపక పత్రంలోనే స్థానిక సముదాయాలకు చిన్న గ్రాంట్లు నేరుగా అందించే దారి ఒకటి రాసి ఉంది. దాన్ని తెరిపించండి. పది పేజీలకు మించని దరఖాస్తు, స్థానిక భాషలో. మంజూరు అరవై రోజుల్లో. తుపాను వచ్చిన రెండేళ్లకు అందే డబ్బుతో వడ్డీలు కట్టుకోవడమే జరుగుతుంది.

వాతావరణ చర్చల్లో భాగంగా 2014లో లీమాలో మొదలైన స్త్రీపురుష సమానత్వ కార్యక్రమానికి బెలేం కాప్‌లో 2025లో కొత్త కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, 2034 దాకా అమల్లో ఉంటుంది. మన దేశంలో దానికి బాధ్యులు ఎవరో ప్రకటించి, అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ తెలుగులో సంప్రదింపులు జరపండి. ఐక్యరాజ్యసమితిలో పన్నుల సహకార ఒప్పందం మీద చర్చలు నడుస్తున్నాయి. బహుళజాతి సంస్థల లాభాల మీద, అతి సంపన్నుల మీద పన్ను వేసే నిబంధనల వైపు మన దేశం గట్టిగా నిలబడాలి. గ్రాంటుకు డబ్బు లేదన్న ధనిక దేశాల మాటకు అక్కడే సమాధానం దొరుకుతుంది.

ఆర్థిక శాఖ 2005-06 నుంచి బడ్జెట్‌తో పాటు స్త్రీల పద్దుల పట్టిక ఇస్తోంది. వాతావరణం పేరిట పెట్టే ఖర్చుకూ ఆ పట్టికకూ ముడి లేదు. అనుసరణ పద్దుల్లో ప్రతిదాని పక్కన ఎంత గ్రాంటు, ఎంత అప్పు, అందుకున్న స్త్రీలు ఎందరు అన్న మూడు గడులు చేర్చండి.

దానికి మొదటి మెట్టుగా మొంథా పరిహారం లెక్క విడుదల చేయండి. గ్రామాల వారీగా, పట్టాదారు ఎవరు, సాగుదారు ఎవరు, డబ్బు పడిన ఖాతా స్త్రీదా పురుషుడిదా, పంట పోయిన రోజుకూ డబ్బు పడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు. వ్యక్తుల పేర్లు అక్కరలేదు, సంఖ్యలు చాలు. ఈ-పంటలో, ఆధార్‌తో ముడిపడ్డ చెల్లింపు ఫైళ్లలో ఈ సమాచారమంతా ఇప్పటికే ఉంది. కాప్ 31 మొదలవడానికి కనీసం ఒక నెల ముందు అది బయటకు రావాలి. జాబితాలను గ్రామసభలో చదివి సరిచూడడానికి మండలానికి ఇద్దరు చొప్పున మా వైపు నుంచి వస్తాం. తేదీ చెప్పండి.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మహిళా రైతులు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, మత్స్యకార స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న కార్యకర్తలం